గాంధీ విగ్రహం దగ్గర ఎంతసేపు కూర్చోనిస్తారు?

విశాఖపట్నంలో నిరసనకు స్థిరమైన చిరునామా ఒకటి ఉంది. అది జీవీఎంసీ, అంటే నగరపాలక సంస్థ, దగ్గరి గాంధీ విగ్రహం. జీతాలు అందని కాంట్రాక్టు కార్మికులు, పారిశుధ్య సిబ్బంది, ఆశా కార్యకర్తలు, ఇళ్ల పట్టాల కోసం తిరిగి తిరిగి అలసిన వాళ్లు, ఫీజు బకాయిల కోసం విద్యార్థులు, ఎవరైనా సరే ముందు సరస్వతి పార్కు దగ్గర పోగవుతారు. బ్యానరు విప్పుకుంటారు. డాబాగార్డెన్స్ మీదుగా నడిచి విగ్రహం దగ్గరికి చేరతారు. అక్కడ గంటో రెండు గంటలో కూర్చుని, నినాదాలిచ్చి, లోపల ఏ అధికారి దొరికితే ఆయన చేతిలో వినతిపత్రం పెట్టి ఇళ్లకు వెళ్తారు. మర్నాడు పత్రిక జిల్లా పేజీలో ఒక ఫొటో, దాని కింద రెండు వాక్యాలు.

అక్కడి నగరపాలక సంస్థ భవనానికి తెన్నేటి విశ్వనాథం పేరు పెట్టారు. స్వాతంత్ర్య పోరాటంలో జైలుకు వెళ్లిన మనిషి ఆయన. 1966లో ఉక్కు కర్మాగారం కోసం జరిగిన ఆందోళనలో ముందు వరుసలో నిలిచిన నాయకుడు. ఇటు చూస్తే గాంధీ. ఈ ఇద్దరి మధ్యా నిలబడి ఒక సబ్‌ఇన్‌స్పెక్టరు, రోడ్డు మీద చాప పరిచిన ఆడవాళ్లను "ఎవరి పర్మిషన్ తీసుకున్నారు?" అని అడుగుతాడు. ఆయన తప్పేమీ లేదు, పైవాళ్లు అడగమన్నారు కాబట్టి అడుగుతాడు. కానీ ఆ ప్రశ్న ఆ చోట వినిపించినప్పుడల్లా నాకు నవ్వు, చిరాకు కలిసి వస్తాయి.

నా ఆఫీసు ఊరేగింపులు నడిచే ఆ దారిలోనే, మొదటి అంతస్తులో ఉంది. లెక్కలు, పన్ను రిటర్నులు చూసుకునే పని నాది. నాకు ఏ సంఘంలోనూ సభ్యత్వం లేదు, ఏ పార్టీ కండువా మా ఇంట్లో లేదు. నినాదాలు వినిపిస్తే పక్క గదుల్లోని వాళ్లు కిటికీ మూస్తారు, నేను తెరుస్తాను. ఇన్నేళ్లుగా చూసినదాన్ని బట్టి నాకొక అభిప్రాయం ఏర్పడింది. ఈ నగరంలో గుంపు ఎవరికీ ఇబ్బంది కాదు. గుంపు ఏదైనా అడిగినప్పుడే ఇబ్బంది. ఎందుకలా అంటున్నానో చెబుతాను.

2023 డిసెంబరు 12న రాష్ట్రమంతటా అంగన్‌వాడీ కార్యకర్తలు, ఆయాలు సమ్మెకు దిగారు. అప్పటికి కార్యకర్త వేతనం నెలకు 11,500 రూపాయలు, ఆయాకు 7,000. దాన్ని 26,000 చేయాలని, గ్రాట్యుటీ ఇవ్వాలని వాళ్లు అడిగారు. గ్రాట్యుటీ గొంతెమ్మ కోరికేమీ కాదు. అంగన్‌వాడీ సిబ్బందికి ఆ హక్కు ఉందని 2022 ఏప్రిల్‌లోనే సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. అయినా దాని కోసం రోడ్డు మీద కూర్చోవలసి వచ్చింది.

ఆ రోజుల్లో ఒక మధ్యాహ్నం భోజనం వేళకు నేను విగ్రహం దగ్గరికి వెళ్లాను. ఎండ డిసెంబరుదే అయినా సముద్రపు గాలి పడిపోయి ఉక్కపోసింది. టెంటు నీడ అందరికీ చాలలేదు. ఆలస్యంగా వచ్చినవాళ్లు తలల మీద కొంగులు కప్పుకుని ఎండలోనే కూర్చున్నారు. స్టీలు క్యారియర్లు తెరుచుకున్నాయి. ఒకరి చింతకాయ పచ్చడి ఇంకొకరి పెరుగన్నంలోకి వెళ్తోంది. ఒక చంటివాడు బ్యానరు గుడ్డ మడతలో నిద్రపోతున్నాడు. పెద్దవయసు ఆయా ఒకామె మోకాలికి నొప్పి మందు రాసుకుంటూ, పక్కనే నిలబడ్డ మహిళా కానిస్టేబులుతో మాటలు కలిపింది.

"ఇంకా ఎన్నాళ్లమ్మా?" అని కానిస్టేబులు అడిగింది.

"మీ పెద్దసార్లు ఊఁ అనేవరకు తల్లీ. నువ్వూ కూర్చోరాదూ, పొద్దుటి నుంచి నిలబడే ఉన్నావు."

ఆ పిల్ల నవ్వేసి లాఠీ చేయి మార్చుకుంది గానీ కూర్చోలేదు.

నేను విలేకరినేమోనని కాస్త వయసున్న కార్యకర్త ఒకరు నా దగ్గరికి వచ్చారు. కాదని చెప్పినా ఆమె మాట ఆపలేదు. "సర్వే అంటే మేమే వెళ్లాలి బాబూ. ఓటర్ల జాబితా అన్నా మేమే. ఫోనులో ఆ యాప్ తెరుచుకోకపోయినా మాదే తప్పు. పిల్లలకు వండి పెట్టేదాన్ని మాత్రం సేవ అంటారు. సేవకు జీతమేమిటని అడుగుతారు."

కొద్ది వారాలకే ప్రభుత్వం ఆ మాటకు తనే జవాబు చెప్పింది. 2024 జనవరి 6న వాళ్ల మీద ఎస్మా ప్రయోగించి, అంగన్‌వాడీ పని అత్యవసర సర్వీసు గనుక సమ్మె చేయకూడదంది. జీతం అడిగినప్పుడు గౌరవ వేతనం మీద చేసే సేవ, పని ఆపినప్పుడు ఊరు నిలిచిపోయేంత అత్యవసర సర్వీసు! ఈ రెండు మాటలనూ ఒకే ప్రభుత్వం ఒకే నోటితో ఎలా అనగలిగిందో నా లెక్కల బుర్రకు అందలేదు. 42 రోజుల తర్వాత చర్చల్లో కొన్ని హామీలిచ్చాక సమ్మె ముగిసింది. ఆ హామీల్లో ఎన్ని తీరాయన్నది వేరే కథ, అది వాళ్లే చెప్పాలి.

ఆ రోజు చూసిన ఇంకో సంగతి నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది. అప్పటిదాకా పచ్చళ్లు పంచుకుంటూ కూర్చున్న ఆడవాళ్లు, ఫొటోగ్రాఫరు మోటారుసైకిలు ఆగగానే లేచి వరుసలు కట్టారు. ఎవరో పళ్లేలు తెచ్చారు. గరిటెలతో వాటి మీద కొట్టడం మొదలైంది. ఆయన రెండు కోణాల్లో నాలుగు ఫొటోలు తీసుకుని వెళ్లగానే పళ్లేలు సంచుల్లోకి వెళ్లిపోయాయి. ఇది చూసి 'అంతా నాటకం' అని పెదవి విరిచేవాళ్లు ఉంటారు. నాకు అలా అనిపించలేదు. ఉత్త చేతులతో కూర్చుంటే వార్త కాదని వాళ్లు అనుభవం మీద నేర్చుకున్నారు. మన దగ్గర నిరసనల తీరులు చూడండి: రోడ్డు మీద వంటావార్పు, మోకాళ్ల మీద నడక, ఒంటికాలి మీద నిలబడటం, అర్ధనగ్న ప్రదర్శన, చెవుల్లో పూలు, కళ్లకు గంతలు, భిక్షాటన, దిష్టిబొమ్మ దహనం, మెడకు ఉరితాళ్లు, పీకల్లోతు నీళ్లలో దీక్ష. ఒక్కో ఏడూ ఒక్కో మెట్టు ఎక్కుతోంది. మనిషి తన కష్టం చెప్పుకోవడానికి తనను తాను ఎంత చిన్నబుచ్చుకుంటే అంత పెద్ద ఫొటో వేస్తామని మన సమాజం ఒక బేరం కుదుర్చుకుంది. ఆ బేరంలో వెకిలితనం ఏదైనా ఉంటే అది పళ్లెం మోగించిన చేతిది కాదు.

సరే, అసలు అభ్యంతరానికి వద్దాం. ట్రాఫిక్.

నేను అక్కడ నిలబడి ఉండగానే ఒక స్కూటరాయన ఆగి, "పనీపాటా లేనివాళ్లు, రోడ్లన్నీ వీళ్లవే" అని గొణుక్కుంటూ వెళ్లాడు. పని మానేసి, ఆ రోజుల జీతం పోతుందని తెలిసీ వచ్చి కూర్చున్న మనుషులను పనీపాటా లేనివాళ్లనడం అన్యాయం. అయినా ఆయన చిరాకును నేను కొట్టిపారేయను. ఆసిల్‌మెట్ట వైపు నుంచి వచ్చే బస్సులు నిలిచిపోతే ఇబ్బంది పడేది మంత్రిగారు కాదు. కేజీహెచ్‌కు రోగిని తీసుకెళ్తున్న ఆటో, పరీక్షకు వెళ్లే పిల్ల, పూటకింత అని కూలికి పోయే మనిషి పడతారు. అంబులెన్సుకు దారి ఇవ్వని ఏ రాస్తారోకోనూ నేను సమర్థించను. ఇంకో మాట కూడా చెప్పాలి. నిరసన వేరు, బంద్ వేరు. నేను నా కోసం రోడ్డు పక్కన కూర్చోవడం నా ఇష్టం. నీ దుకాణం షట్టరు నేను దించడం బలవంతం. 1997లో కేరళ హైకోర్టు బలవంతపు బంద్‌లు చెల్లవన్నది, సుప్రీంకోర్టు కూడా దాన్ని నిలబెట్టింది. ఆ తీర్పుతో నాకు పేచీ లేదు. కర్రలు పట్టుకుని తిరిగి, అద్దాలు పగలగొట్టి, 'బంద్ విజయవంతం' అని ప్రకటించుకునే పార్టీలకు ప్రదర్శన హక్కు గురించి మాట్లాడే అర్హత తక్కువ.

కానీ ట్రాఫిక్ అనే వాదాన్ని ఈ నగరం ఎప్పుడు వాడుతుందో, ఎప్పుడు మరిచిపోతుందో ఒకసారి గమనించండి. ఏటా ఆషాఢ పౌర్ణమి ముందురోజు సింహాచలం గిరి ప్రదక్షిణ. తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి లక్షల మంది 32 కిలోమీటర్లు నడుస్తారు. హనుమంతవాక, అప్పుఘర్, గోపాలపట్నం, ఎక్కడ చూసినా జనమే. మధ్యాహ్నం నుంచి మర్నాటి దాకా సగం నగరంలో బండి కదలదు. పోలీసులు వారం ముందే మళ్లింపుల పటం విడుదల చేస్తారు. వీధి వీధినా మజ్జిగ, పులిహోర, మంచినీళ్లు, కాళ్ల నొప్పులకు మందు. నేనూ నడిచాను, ఎంతో బాగుంటుంది. మార్గశిర గురువారాల్లో బురుజుపేట కనకమహాలక్ష్మి గుడి చుట్టూ వీధులు మూసేస్తే పాతపట్నం వాళ్లు పల్లెత్తు మాట అనరు. డిసెంబరులో నౌకాదళ విన్యాసాలకు బీచ్ రోడ్డు మూస్తారు, పిల్లలను భుజాల మీద ఎక్కించుకుని వెళ్లి చూస్తాం. అంటే జనాన్ని నడిపించడం, ట్రాఫిక్ మళ్లించడం, తొక్కిసలాట లేకుండా చూడటం మన పోలీసులకు చేతకాని పని కాదు. చాలా బాగా చేతనవును. చేయాలనుకున్నప్పుడు చేస్తారు.

ఆర్కే బీచి ఇసుకే దీనికి సాక్ష్యం. 2017 జనవరిలో జల్లికట్టు కోసం చెన్నై మెరీనా బీచిలో యువత కూర్చున్న కొద్ది రోజులకు, ప్రత్యేక హోదా కోసం జనవరి 26 సాయంత్రం ఆర్కే బీచిలో కొవ్వొత్తులతో మౌనంగా నిలబడదామని పిలుపు వచ్చింది. మౌనంగా, కొవ్వొత్తులతో. అంతకంటే మెత్తని నిరసన ఏముంటుంది? మర్నాటి నుంచి నగరంలో పెట్టుబడుల భాగస్వామ్య సదస్సు ఉందని అనుమతి ఇవ్వలేదు. 144 సెక్షను పెట్టారు. బీచ్ రోడ్డంతా ఖాకీ. వచ్చినవాళ్లను వచ్చినట్టు వ్యాన్లు ఎక్కించారు. గణతంత్ర దినం నాడు, రాజ్యాంగం అమల్లోకి వచ్చిన తేదీన! 2025 జూన్ 21న అదే బీచిలో ప్రధానమంత్రి సమక్షంలో అంతర్జాతీయ యోగా దినోత్సవం జరిగింది. ఆర్కే బీచి నుంచి భీమిలి వైపు రోడ్డు పొడవునా చాపలు పరిచి దాదాపు మూడు లక్షల మందిని కూర్చోబెట్టారు. చుట్టుపక్కల జిల్లాల నుంచి బస్సులు, ఎక్కడికక్కడ తాగునీళ్లు, మరుగుదొడ్లు. యోగా మంచిదే, దాని మీద నాకేమీ కోపం లేదు. నా ప్రశ్న ఒకటే. మూడు లక్షల మంది చాపలకు చోటున్న తీరంలో కొన్ని వందల కొవ్వొత్తులకు చోటు లేకపోయిందా?

దీన్ని ఒక పార్టీ మీద రాసిన రాత అనుకునేవాళ్ల కోసం మిగతా వరస కూడా చెబుతాను. 2017 జనవరి 26న ప్రతిపక్ష నాయకుడిగా వచ్చిన జగన్‌మోహన్ రెడ్డిని విశాఖ విమానాశ్రయంలోనే ఆపి వెనక్కి పంపారు. అప్పుడు ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు. 2020 ఫిబ్రవరి 27న ప్రతిపక్ష నాయకుడిగా వచ్చిన చంద్రబాబు నాయుడిని అదే విమానాశ్రయం బయట అధికార పార్టీ కార్యకర్తలు గంటల తరబడి అడ్డుకుంటే, అడ్డుకున్నవాళ్లను వదిలేసి ఆయనకు 151 సెక్షను కింద నోటీసు ఇచ్చారు. హైకోర్టు డీజీపీని పిలిపించి వివరణ అడిగింది. అప్పుడు ముఖ్యమంత్రి జగన్‌మోహన్ రెడ్డి. 2022 అక్టోబరులో పవన్ కల్యాణ్ వంతు వచ్చింది. పోలీసు చట్టం 30వ సెక్షను పేరు చెప్పి ఆయనను హోటలు దాటనివ్వలేదు. ముగ్గురూ ఈ ఊళ్లోనే ప్రదర్శన హక్కు రుచి చేదుగా చూశారు. ప్రతిపక్షంలో ఉన్నంతకాలం ఈ హక్కు వాళ్లకు ఓడ మల్లయ్య, గట్టెక్కగానే బోడి మల్లయ్య. ఏ ఒక్కరూ అధికారంలోకి వచ్చాక, 'నాకు జరిగింది ఇంకెవరికీ జరగకుండా ఆ సెక్షన్ల వాడకాన్ని కట్టడి చేస్తాను' అన్నట్టు నాకు గుర్తు లేదు.

ఆ సెక్షన్ల సంగతి కొంచెం చెప్పుకోవాలి. ఆయుధాలు లేకుండా శాంతియుతంగా సమావేశం కావడం రాజ్యాంగంలోని 19వ అధికరణ ఇచ్చిన హక్కు. దేశ సార్వభౌమత్వం, సమగ్రత, శాంతిభద్రతల కోసం సహేతుకమైన పరిమితులు పెట్టవచ్చని అదే అధికరణ చెబుతుంది. 'సహేతుకమైన' అన్న మాట రాజ్యాంగం ఊరికే పెట్టలేదు. ప్రదర్శన కూడా భావ ప్రకటనేనని 1962లో కామేశ్వర్ ప్రసాద్ కేసులో సుప్రీంకోర్టు అంది. ఆ కేసు వేసింది బీహారు ప్రభుత్వ ఉద్యోగులు. సమ్మె ప్రాథమిక హక్కు కాదంటూనే, శాంతియుత ప్రదర్శనను మాత్రం నిషేధించలేరని కోర్టు విడదీసి చెప్పింది. 1972లో అహ్మదాబాదు నుంచి వచ్చిన హిమ్మత్‌లాల్ షా కేసులో ఇంకో అడుగు ముందుకు వేసి, వీధుల్లో సభలను పోలీసులు క్రమబద్ధం చేయవచ్చు గానీ అసలే వద్దనే అధికారం వాళ్లకు ఉండదని రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. అంటే ఎప్పుడు, ఎక్కడ, ఎంతమంది అన్నది బేరమాడుకోవచ్చు. కూర్చోవచ్చా లేదా అన్నది మాత్రం బేరంలో లేదు.

ఇక పోలీసుల చేతిలో ఉన్నవి ఏమిటి? ఒకటి, 1861 నాటి పోలీసు చట్టం. 1857 తిరుగుబాటు చూసి బెదిరిన తెల్లదొరలు రాసుకున్నది. దాని 30వ సెక్షను ఊరేగింపులను ఒక పద్ధతిలో నడపడానికి ఇచ్చిన అధికారం. మన దగ్గర దాన్ని 'సెక్షన్ 30 అమల్లో ఉంది' అని గోడకు తగిలించిన శాశ్వత బోర్డులా వాడతారు. రెండోది నేర విచారణ చట్టం (సీఆర్‌పీసీ)లోని 144. 2024 జూలై నుంచి అదే కొత్త చట్టంలో 163 అయింది, నంబరు తప్ప వాడకం మారలేదు. అనుకోకుండా ముంచుకొచ్చే ప్రమాదాన్ని ఆపడానికి పెట్టిన సెక్షను అది. న్యాయమైన అభిప్రాయాన్ని అణచడానికి దాన్ని వాడకూడదని 2020లో సుప్రీంకోర్టు గట్టిగానే చెప్పింది. విశాఖలాంటి కమిషనరేట్లలో ఆ ఉత్తర్వు ఇచ్చేదీ పోలీసు కమిషనరే. ప్రమాదం ఉందనే అనుమానమూ ఆయనదే, ఉందన్న తీర్పూ ఆయనదే. ఇక ముందస్తు గృహ నిర్బంధం మరీ విచిత్రం. పాత చట్టంలో 151గా ఉండి, కొత్త చట్టంలో 170 అయిన సెక్షను నేరం జరగబోతోందని తెలిస్తే అరెస్టు చేయవచ్చంటుంది, అదీ 24 గంటలకు మించకుండా. నాయకుడి ఇంటి గేటు ముందు కుర్చీ వేసుకుని, ఆయనను పాల ప్యాకెట్టుకు కూడా బయటికి వెళ్లనివ్వని పద్ధతి ఆ సెక్షనులో ఎక్కడా లేదు. అరెస్టు చూపిస్తే కాగితం రాయాలి, కోర్టుకు జవాబు చెప్పాలి. ఇంట్లో కూర్చోబెడితే ఏ కాగితమూ ఉండదు.

2023 జనవరి 2న వచ్చిన జీవో నంబరు 1 ఈ ధోరణికి పరాకాష్ఠ. కందుకూరులో, ఆ వెంటనే గుంటూరులో చంద్రబాబు సభల దగ్గర తొక్కిసలాటల్లో మొత్తం 11 మంది చనిపోయారు. అది నిజమైన విషాదం, నిజమైన నిర్లక్ష్యం. కానీ దాన్ని చూపి ప్రభుత్వం రాష్ట్రంలోని రోడ్ల మీద సభలనే ఆపబోయింది. ఆ ఏడాది మే 12న హైకోర్టు ఆ జీవోను కొట్టేసింది. కొట్టేసేలోపు నాలుగు నెలలు గడిచాయి. హక్కుల విషయంలో ప్రభుత్వాలకు ఈ నాలుగు నెలలే కావాలి. కోర్టులో ఓడిపోయినా వాళ్లకు నష్టం లేదు, ఎందుకంటే సభ జరగవలసిన రోజు వెళ్లిపోయి ఉంటుంది.

పౌరసత్వ చట్ట సవరణ వద్దంటూ ఢిల్లీలో రోడ్డు మీద నెలల తరబడి సాగిన షాహీన్ బాగ్ నిరసన మీద 2020 అక్టోబరులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు గురించి మిత్రులు నాతో వాదిస్తుంటారు. రహదారిని నిరవధికంగా ఆక్రమించకూడదు, కేటాయించిన చోటే నిరసన తెలపాలి అన్నది దాని సారం. మొదటి సగం నాకు అర్థమవుతుంది. రెండో సగం దగ్గరే చిక్కు. ఆ చోటును కేటాయించేది ఎవరు? ఎవరి మీద నిరసనో వాళ్లే. హైదరాబాదు ఇందిరా పార్కు దగ్గరి ధర్నా చౌక్‌ను 2017లో ఊరి శివార్లకు తరలించబోయారు, మరుసటి ఏడాది హైకోర్టు కలగజేసుకుంటే గానీ అది మళ్లీ తెరుచుకోలేదు. విశాఖలో కూడా 'ఇదంతా ఏ మైదానంలోనో పెట్టుకోవచ్చు కదా' అనే పెద్దమనుషులు చాలామంది ఉన్నారు. పెట్టుకోవచ్చు. అప్పుడు స్కూటరాయనకు చిరాకు ఉండదు, మంత్రికి బెంగ ఉండదు, ఫొటోగ్రాఫరుకు పెట్రోలు ఖర్చు ఉండదు. ఎవరికి వినిపించాలో వాళ్లకు తప్ప అందరికీ సుఖంగా ఉంటుంది.

అనుమతి అడగడానికి వీలే లేని నిరసనలూ ఉంటాయి. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్ఆర్ వెంకటాపురం మీదికి ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి వచ్చిపడింది. 12 మంది చనిపోయారు. కరోనా లాక్‌డౌన్ రోజులవి, నలుగురు ఒకచోట చేరకూడదు. రెండు రోజుల తర్వాత డీజీపీ ఫ్యాక్టరీకి వచ్చినప్పుడు ఆ ఊరివాళ్లు తమవాళ్ల శవాలను తెచ్చి గేటు ముందు పెట్టారు. ఫ్యాక్టరీని ఇక్కడి నుంచి తీసేయమని అరిచారు, కొందరు గేటు తోసుకుని లోపలికి వెళ్లారు. ఏ దరఖాస్తు రాసి, ఏ స్టేషనులో ఎన్ని రోజుల ముందు ఇచ్చి ఆ పని చేయాలి? చట్టం ప్రకారం అది అనుమతి లేని జమావు. నా దృష్టిలో ఆ ఏడాది ఈ జిల్లాలో అంతకంటే న్యాయమైన జమావు ఇంకోటి లేదు.

ఈ ఊరి చరిత్ర తెలిసినవాళ్లు నిరసనలను చూసి ముక్కు చిట్లించడం నాకు వింతగా ఉంటుంది. 1966 అక్టోబరులో టి. అమృతరావు ఉక్కు కర్మాగారం కోసం నిరాహార దీక్షకు కూర్చున్నారు. విద్యార్థులు వీధుల్లోకి వచ్చారు. నవంబరు 1న విశాఖలో కాల్పులు జరిగాయి. రాష్ట్రమంతటా ఆ ఉద్యమంలో 32 మంది ప్రాణాలు కోల్పోయారని ఉక్కు ఉద్యమకారులు ఏటా తలచుకుంటారు. అదంతా శాంతంగా జరిగిందని నేను అనను. రైళ్లు ఆగాయి, ఆస్తులు తగలబడ్డాయి. అప్పుడు కూడా ఎవరో ఒకరు జగదాంబ వైపు వెళ్తూ 'పనీపాటా లేనివాళ్లు' అనే ఉంటారు. 1970 ఏప్రిల్‌లో ఇందిరాగాంధీ కర్మాగారాన్ని ప్రకటించారు, 1971 జనవరి 20న శంకుస్థాపన చేశారు. ఇవాళ గాజువాకలో అపార్టుమెంట్లు, కూర్మన్నపాలెంలో కాలేజీలు, నా దగ్గరికి రిటర్నులు వేయించుకోవడానికి వచ్చే సగంమంది జీతాలు ఆ 'పనీపాటా లేనివాళ్ల' పుణ్యమే. అక్కడితో కథ సుఖాంతం అయిందనీ అనను. ఆ కర్మాగారం కోసం 64 గ్రామాల వాళ్లు భూములు ఇచ్చారు. వాళ్ల పిల్లల్లో ఉద్యోగం రానివాళ్లు ఇప్పటికీ ఆర్ కార్డులు (నిర్వాసితులకు ఇచ్చిన కార్డులు) పట్టుకుని అదే గేటు ముందు ధర్నా చేస్తుంటారు. ఒకరి పోరాటం గెలిచిన చోటే ఇంకొకరి పోరాటం మొదలైంది. వాళ్లనూ వినాలి.

2021 జనవరి 27న కేంద్ర మంత్రివర్గ సంఘం స్టీల్‌ప్లాంటులో నూరు శాతం వాటాల అమ్మకానికి సూత్రప్రాయంగా ఒప్పుకుంది. ఫిబ్రవరి 12న కూర్మన్నపాలెం కూడలిలో రిలే నిరాహార దీక్షల శిబిరం మొదలైంది. గాజువాక దాటి అటు వెళ్లినప్పుడల్లా ఆ శిబిరం వైపు చూస్తాను. బోర్డు మీద రోజుల సంఖ్య మారుతుంది, కూర్చున్న ముఖాలు మారతాయి, కుర్చీలు అవే. వేయి రోజులు దాటినప్పుడు కూడా దేశ రాజధానిలో పెద్దగా ఎవరూ తలతిప్పి చూడలేదు. 2025 జనవరిలో కేంద్రం 11,440 కోట్ల ప్యాకేజీ ఇచ్చింది. అది ఆ శిబిరం వల్లే వచ్చిందని నేను రుజువు చేయలేను. ఎన్నికలు, పొత్తులు, ఢిల్లీ లెక్కలు ఎన్నో ఉంటాయి. కానీ ఆ శిబిరమే లేకపోతే అమ్మకం మాట రెండేళ్లలో పాతబడి, అందరం అలవాటుపడిపోయి ఉండేవాళ్లమని మాత్రం నమ్ముతాను. అమ్మకం నిర్ణయాన్ని ఉపసంహరించినట్టు స్పష్టంగా ప్రకటించాలని సంఘాలు ఇంకా అడుగుతూనే ఉన్నాయి. శ్రీకాకుళం జిల్లా సోంపేట బీల అనే చిత్తడి నేలల్లో విద్యుత్ కేంద్రం వద్దన్న రైతులు, మత్స్యకారుల మీద 2010 జూలై 14న కాల్పులు జరిపి ఇద్దరిని చంపారు. ఆ వెంటనే ఆ ప్రాజెక్టు పర్యావరణ అనుమతి రద్దయింది. కొన్నాళ్లు ముందే ఆ మాట వినే నాథుడు ఉంటే రెండు ప్రాణాలు నిలిచేవి. ఉత్తరాంధ్రలో ఈ పాఠం చాలాసార్లు చెప్పారు, ప్రతిసారీ చెప్పినవాళ్లే దెబ్బలు తిన్నారు.

ఇప్పుడు నేను అడిగేది పెద్దదేమీ కాదు, దానికి కొత్త చట్టం కూడా అక్కరలేదు. సభ పెడుతున్నామని నిర్వాహకులు స్టేషనులో తెలియజేస్తే చాలు అన్న పద్ధతి రావాలి. ఎంతమంది, ఏ దారి, ఎన్ని గంటలకు అన్నది అందులో ఉంటుంది. కుదరదని పోలీసులు అనుకుంటే, ఎందుకు కుదరదో కారణం రాసి, సంతకం పెట్టి, కోర్టుకు వెళ్లే వ్యవధి మిగిలేలా ముందుగా ఇవ్వాలి. సభ ముందురోజు రాత్రి పదకొండింటికి వాట్సాప్‌లో 'అనుమతి నిరాకరించడమైనది' అన్న కాగితం పంపడం కాదు. వేరే చోటు చూపిస్తే, అది ఎవరి మీద నిరసనో వాళ్ల కిటికీకి వినిపించే దూరంలో ఉండాలి. నిర్వాహకుల వైపు నుంచి కూడా అంబులెన్సు దారి వదలడం, చెప్పిన వేళకు లేవడం, చెత్త తీసుకెళ్లడం ఉండాలి. అంగన్‌వాడీ ఆడవాళ్లు సాయంత్రం లేచి వెళ్లేటప్పుడు విస్తరాకులు, కాగితం గ్లాసులు సంచుల్లో పోగుచేసుకుని వెళ్లడం నేను చూశాను. పార్టీల బహిరంగ సభలు ముగిశాక ఆ మైదానాలు ఎలా ఉంటాయో కూడా చూశాను.

మా పక్క గది మిత్రుడు ఇది చదివి, "ఇవన్నీ రాస్తే రేపు ఎవరు పడితే వాళ్లు రోడ్డెక్కుతారు" అన్నాడు. ఎక్కుతారు. రెండేళ్ల కిందట వాళ్ల అపార్టుమెంటుకు మంచినీళ్లు రానప్పుడు ఆయన కూడా ఖాళీ బిందె పట్టుకుని అదే గాంధీ విగ్రహం దగ్గర నిలబడ్డాడు. ఫొటో కూడా పడింది. ఆ రోజు పర్మిషన్ ఎవరు తీసుకున్నారని అడిగితే, "అదంతా అసోసియేషన్ వాళ్లు చూసుకున్నారు" అన్నాడు. అసోసియేషన్ కార్యదర్శిని అడిగాను. ఎవరూ తీసుకోలేదట.